మామగారి లాప్‌టాప్‌కి నేను చేసిన మేలు

చంద్రగిరిలో మా అత్తవారింట్లో నేను వెలగబెట్టిన ఒక ఘనకార్యం చెబుతాను. చదివాక నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు. మా అత్తగారు ఎప్పుడో మొదలుపెట్టారు, మీకు తోడుంటారు.

పెళ్లైన కొత్త. నేను ఒకసారి ఆఫీసు ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగాను. ఆ వార్త మా ఆవిడ వేదవల్లి నోట చంద్రగిరి చేరేసరికి నేను కంప్యూటర్ నిపుణుణ్ణయ్యాను. ఆ పదవికి అప్పుడే రాజీనామా చేయవలసింది.

మామగారు రిటైరైన సంస్కృతం అయ్యవారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ఆయన మొట్టమొదటి ఆన్‌లైన్ పాఠం. పూతలపట్టు నుంచి సత్యవేడు దాకా శిష్యులు కాచుకొని ఉన్నారు. "బడి వదిలినాక మళ్లీ పాఠం చెప్పే యోగం పట్టిందప్పా" అంటూ మధ్యాహ్నంలోగా రెండు పంచెలు మార్చారు. లాప్‌టాప్ మాత్రం మీట నొక్కి, కాఫీ తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెరుచుకోదు.

"బయోస్ అప్‌డేట్ చేస్తే గుర్రంలా లేస్తుంది మామా" అన్నాను. బయోస్ అంటే మీట నొక్కగానే లాప్‌టాప్‌ని తట్టి లేపే ఫర్మ్‌వేర్ అని అంతకు కాసేపటి ముందే ఒక వీడియోలో నేర్చుకున్నాను.

"పాఠం అయినాక లేపితే కాదా అని అడగండి" అన్నారు అత్తగారు, మామగారితో. అల్లుడితో ఆమె నేరుగా మాట్లాడరు. నా మీది ఫిర్యాదులన్నీ మామగారి మీదుగానే వస్తాయి.

నేను వింటానా?

ఆ లాప్‌టాప్‌కి ఎప్పుడూ ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటుంది. నిండా స్వామివారి మేలుకొలుపు పాటలు. ఆయుధపూజ నాడు గంధం, కుంకుమ పెట్టింది మొదలు దాన్నెవరూ కదిలించరు. నేను కళ్లకద్దుకొని తీసి, పూజగదిలో ఉంచి, అప్‌డేట్ ఉన్న నా పెన్‌డ్రైవ్ పెట్టాను. 'లేవగానే ముందు పెన్‌డ్రైవ్‌లో వెతుకు, లోపలి డిస్కు సంగతి తర్వాత' అని స్టార్టప్ వరస మార్చాను. సెట్టింగులు ఎవరూ చెడగొట్టకుండా ఒక పాస్‌వర్డ్ కూడా బిగించాను.

అప్‌డేట్ దివ్యంగా జరిగింది. నా పెన్‌డ్రైవ్ తీసి, స్వామివారిది భక్తిగా యథాస్థానంలో పెట్టాను. వరస మాత్రం వెనక్కి మార్చలేదు. లాప్‌టాప్ చెప్పిన మాట విని పెన్‌డ్రైవ్‌లోనే వెతికింది. అక్కడ పాటలున్నాయి గానీ దాన్ని నడిపించే సరుకు లేదు. నల్లటి తెర మీద, మొదలుపెట్టడానికి ఇక్కడేమీ లేదని ఇంగ్లీషులో రాసి మొండికేసింది.

మీకు అర్థమైపోయింది కదా? నిపుణుణ్ణి కాబట్టి నాకు కాలేదు.

లాప్‌టాప్ చంకన పెట్టుకొని తిరుపతిలో రిపేరు అంగడికి బయల్దేరాను. మామగారు ఆపారు. "స్వామిని అంగట్లోకి యాడ తీసకపోతావప్పా? ఆయన్ను ఈడనే ఉండనీ" అని పెన్‌డ్రైవ్ తీసి ఉంచుకున్నారు.

అంగడాయన మీట నొక్కాడు. లాప్‌టాప్ నిజంగానే గుర్రంలా లేచింది. "బాగుండాది గదన్నా" అన్నాడు. ఇంటికి తెచ్చాను. మామగారు పెన్‌డ్రైవ్ పెట్టారు. గుర్రం పడుకుంది. మళ్లీ తిరుపతి, మళ్లీ స్వామి ఇంట్లోనే, గుర్రం మళ్లీ లేచింది. అంగడాయన ఈసారి లాప్‌టాప్‌ని వదిలేసి నన్ను పరీక్షగా చూశాడు. "అన్నా, నిద్ర సరిగా పోతాండావా?" అని మెల్లగా అడిగాడు.

ఇంటికొచ్చి స్వామిని పెట్టగానే గుర్రం మళ్లీ పడుకుంది. నాలుగు కావస్తోంది. మామగారి ఫోను మోగుతోంది. అత్తగారు ఉప్పు, మిరపకాయలతో లాప్‌టాప్‌కి దిష్టి తీశారు. ఆమె చూపును బట్టి అసలు దిష్టి నాకే తగిలిందని గ్రహించాను.

మామగారు కళ్లజోడు తీసి పైపంచెతో తుడుచుకుంటున్నారు. "పోనీలే వేదా, పిల్లోళ్లకు ఇంకో రోజు చెప్తాం" అన్నారు. ఆ మాటకు నేను నేలలో దూరిపోవాలనుకున్నాను. వాళ్లది గట్టి గచ్చు.

"స్వామి పాటలన్నా ఇననీండి" అంటూ అత్తగారు పెన్‌డ్రైవ్ లాగి టీవీకి పెట్టారు. నేను ఊరికే, చేతులు ఖాళీగా ఉన్నాయని, మీట నొక్కాను.

లాప్‌టాప్ లేచింది.

"సూసినావా, మీ అమ్మ చెయ్యి" అన్నారు మామగారు వేదవల్లితో. నాకప్పుడు వెలిగింది. పాఠం అద్భుతంగా సాగింది.

మర్నాడు గుట్టుగా వరస సరిచేద్దామని కూర్చుంటే పాస్‌వర్డ్ అడిగింది. ఎవరికీ తట్టకూడదని పెట్టిన పాస్‌వర్డ్. నాకూ తట్టలేదు.

ఈనాటికీ మామగారు పెన్‌డ్రైవ్‌ని బయటికి వేంచేపు చేయించి, వెండి పళ్లెంలో ఉంచి, దండం పెట్టాకే మీట నొక్కుతారు. శిష్యులకూ అదే నేర్పారు. మొన్న పూతలపట్టు శిష్యుడొకడు ఫోన్ చేసి, "అయ్యవారూ, మాకు పెన్‌డ్రైవే లేదే" అని దిగులుపడ్డాడు.

"కొనుక్కో నాయనా" అన్నారు మామగారు. "తీసేదానికన్నా ఒకటి ఉండాల గదా."

కాబట్టి ఏడుకొండలవైపు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. బయోస్ అనే మాట ఇక నా నోట రాదు. ఏ యంత్రం అప్‌డేట్ అడిగినా, 'రేపు గుర్తుచేయి' అనే మీట ఉంటుంది చూడండి, బతికున్నన్నాళ్లూ దాన్నే నొక్కుతాను.