డుమ్మస్ రోడ్డు మీద నా బ్యాటరీ స్కూటర్ సవారీ

సూరత్‌ల మన తెలుగోళ్ళు నలుగురు కూడిండ్రంటె చాలు, ఏదో ఒక వంకతోని డుమ్మస్ ముచ్చట తీస్తరు. తీసి నా దిక్కు చూసి నవ్వుతరు. కొందరు నేను ఒంటెను గుద్దిన్నంటరు. కొందరు సముద్రంల పడ్డనంటరు. మా గోడాదర బస్తీల ఒకామైతె నేను బండితోని పోలీసు జీపు మీదికెల్లి దుంకిన్నని గల్లీ గల్లీ చెప్పింది. అన్ని అబద్ధాలే. అసలు జరిగింది గంతకంటె ఘోరం. అది నా నోటితోనే చెప్త, వినుండ్రి. కాని తప్పంత నాదే అని ఒప్పుకుంటననుకోకుండ్రి. సగం ఒప్పుకుంట. మీరు మరీ బలవంతం జేస్తె ముప్పావు. గంతె.

నా పేరు లత. మావోళ్ళు సిరిసిల్లకెల్లి మగ్గాల పనికి ఈడికొచ్చిండ్రు. నేను పుట్టింది, పెరిగింది, పెండ్లయింది అంత సూరత్‌లనే. మా ఆయన పవర్‌లూమ్ కార్ఖానల పని జేస్తడు. నేను ఇంట్ల కూసోని చీరెలకు లేసు కుడ్త. కుట్టినయి మూట గట్టి మార్కెట్ల అప్పజెప్పాలె. ఆటోవాలాలు మూటను చూడంగనే మొఖం తిప్పుకుంటరు. నన్ను ఎక్కించుకుంటె మూట వద్దంటరు, మూటను ఎక్కించుకుంటె నన్ను వద్దంటరు. అందుకే ఒక స్కూటీ కొనియ్యమని మా ఆయన్ను మూడేండ్లు అడిగిన. అడిగినప్పుడల్ల ఒక్కటే మాట: "నీకెందుకే, నేను దింపుత గద!" పన్నెండు గంటల షిఫ్టు చేసేటాయన నన్ను ఎప్పుడు దింపుతడు? కలల.

ఇగ మా వదిన. మా ఆయనకు పెద్దక్క, పేరు సుశీల. సిరిసిల్ల పక్క ఊర్ల అంగన్‌వాడీ టీచరు. ఆమెకు స్కూటీ ఉన్నది. ఉన్నదని మీకు ఎట్ల తెలుస్తదంటె, ఆమె మిమ్మల్ని మర్సిపోనియ్యది. ఫోన్ జేసిందంటె "ఇప్పుడే స్కూటీ దిగిన లతా" అని మొదలుపెడ్తది, "ఇగ స్కూటీ ఎక్కాలె, ఉంట మరి" అని పెట్టేస్తది. ఒకనాడు నాకు రోషమొచ్చింది.

"నేను గూడ నడుపుతున్న వదినా. ఈడ ఆడోళ్ళందరు నడుపుతరు" అన్న.

అందులో రెండో మాట నిజమే. సూరత్‌ల అరవై ఏండ్ల ముసలమ్మలు గూడ మనుమరాలిని ముందట నిలబెట్టుకొని రయ్యిమని పోతరు. మొదటి మాటే జర అటిటు. నాకు సైకిల్ వచ్చు. సైకిల్‌కు మోటరు పెడ్తె స్కూటరే గద అని నా తెలివి.

అబద్ధం ఫోన్‌ల ఉన్నన్ని రోజులు మంచిగనే ఉంటది. రైలెక్కి ఇంటికొస్తెనే కష్టం. ఆ ఎండకాలం సెలవులల్ల వదిన రానే వచ్చింది. ఆదివారం పొద్దుగూకే ముందు మా ఆయన మా ఇద్దరిని డుమ్మస్ సముద్రం కాడికి తీస్కపోయిండు.

డుమ్మస్ ఆదివారం ఎట్లుంటదో చూసినోళ్ళకే ఎర్క. ఊరు ఊరంత, రేపటికల్ల సముద్రం ఎండిపోతదేమో అన్నట్టు ఉరికొస్తది. కార్లు, సిటీ బస్సులు, ముగ్గురేసి ఎక్కిన బైకులు, మక్కబుట్టలు కాల్చేటోళ్ళు, టమాట భజియల బండ్లు, గుర్రాలు, ఒంటెలు. వీటన్నిటి నడుమ కొత్తగ కిరాయి బ్యాటరీ స్కూటర్లు దిగినయి. గులాబి రంగుయి, చిలకపచ్చయి, బొమ్మల దుకాణంల పెట్టినట్టు రోడ్డు పొంటి వరుసగ నిలబెట్టిండ్రు. చూస్తె ముద్దొస్తయి. గదే ప్రమాదం.

వదిన వాటిని చూసి ఆగింది. "లతా, రోజు నడిపేదానివి గద. నన్నొక చక్కరు కొట్టియ్యి" అన్నది.

మా ఆయన మక్కబుట్ట కొరుక్కుంట నా దిక్కు చూసిండు. ఆయనకు తెలుసు నాకు నడపరాదని. నేను వదినకు ఏం చెప్పిన్నో మాత్రం తెల్వదు. "ఈమేందీ, నడుపుడేందీ?" అని నవ్విండు. వదిన పరాచకమనుకున్నది.

ఆ నవ్వు చూసినంక నేను ఎనక్కు తగ్గాల్నా? మీరే చెప్పుండ్రి. ఇయ్యాల నడిపి చూపిస్తె ఇంటికి స్కూటీ వస్తది. నడపకపోతె పుట్టింట్ల, అత్తింట్ల, అంగన్‌వాడీల అన్నిచోట్ల నా ఇజ్జత్ పోతది. పైట నడుముకు చెక్కి బండ్లు కిరాయికిచ్చే కాకా కాడికి పోయిన. పెద్ద మీసాలు, నోట్ల తంబాకు.

"కాకా, లైసెన్స్ కావాల్నా?" అని హిందీల అడిగిన.

"అక్కర్లేదు, బెన్."

"హెల్మెట్?"

"సముద్రం చూడ వచ్చి హెల్మెట్ ఎందుకమ్మా?"

"ఎక్కడిదాక పోవచ్చు?"

"మనసు ఎక్కడిదాక పోతె అక్కడిదాక."

"ఎట్ల నడపాలె?"

"ఇది తిప్పితె పోతది. ఇది పట్టితె ఆగుతది. బస్."

ఇదీ నాకు దొరికిన ట్రైనింగు! కుక్కర్ కొంటె దుకాణపాయన దీనికంటె ఎక్కువ చెప్తడు. సీటీ ఎప్పుడొస్తది, మూత ఎప్పుడు తీయాలె అని ఒక చిన్న బుక్కు గూడ ఇస్తడు.

వదిన ఎన్క కూసున్నది. నేను హ్యాండిల్ పట్టిన. కాకా నా పేరు అడగలే, ఫోన్ నంబరు అడగలే, నడపొస్తదా అని అడగలే. తిప్పిన. చప్పుడు లేదు. పెట్రోల్ బండైతె ముందు గుర్రుమంటది, మనల్ని బెదిరిస్తది, జాగ్రత్త పడుమంటది. ఇది పిల్లి లెక్క. చప్పుడు కాలేదు గద, ఇంక నడుస్తలేదేమో అని జర గట్టిగ తిప్పిన.

గంతె. కాకా మీసాలు ఎన్కకు పోయినయి. మా ఆయన మక్కబుట్ట ఎన్కకు పోయింది.

మొదటి పది గజాలు నేను రాణిని. తర్వాత చూస్తె ఎదురుంగ బస్సు వస్తున్నది. బస్సు తప్పు దారిల వస్తుందనుకున్న. కాదు, నేనే.

"లతా, ఎడమకు!" అన్నది వదిన.

"పోతున్న!"

"అది కుడి!"

బస్సాయనే పక్కకు తిప్పుకొని పోయిండు. భయమైతె మనిషి ఏం జేస్తడు? చేతిల ఉన్నదాన్ని గట్టిగ పట్టుకుంటడు. నేను గట్టిగ పట్టుకున్న కొద్ది అది జోరుగ పోతున్నది. జోరుగ పోయిన కొద్ది నేను గట్టిగ పట్టుకుంటున్న.

"బ్రేకెయ్యవే!"

"ఏస్తున్న వదినా!"

"అది రేసే! రేసు వదులు!"

"వదిలితె పడ్తం!"

హారన్ నొక్కిన. కొంగపిల్ల లెక్క కీసుమన్నది. ఒక్కడు గూడ తిరిగి చూడలే. ఇగ నా గొంతే నాకు దిక్కయింది. హిందీ, గుజరాతీ అన్ని మర్సిపోయి "జరుగుండ్రి! జరుగుండ్రి!" అని తెలుగుల ఒర్లిన. ముందట ఒక కుటుంబం పోతున్నది. ఆ మాట ఇనంగనే టక్కున తిరిగిండ్రు. జరుగుతరనుకున్న. లేదు! ఆ పెద్దాయన మొఖం ఎలిగిపోయింది. "అరె, మనోళ్ళే!" అని చేతులు చాపి నాకు ఎదురొచ్చిండు. "ఏ ఊరమ్మా మీది?"

"సిరిసిల్ల! జరుగుండ్రి!" అన్నది వదిన.

"మాది గూడ సిరిసిల్లనే!"

ఆయన్ను తప్పించబోయి హ్యాండిల్ పక్కకు తిప్పిన. అప్పుడు కనబడ్డది. నా చక్రానికి ముందట రెండేండ్ల పిల్ల. చేతిల గాలిబుగ్గ పట్టుకొని నన్నే చూస్తున్నది. ఇంతసేపు నవ్వుకుంట చెప్పిన గాని, ఈడ మాత్రం నాకు ఇప్పటికి నవ్వు రాదు. ఆ పిల్ల తల్లి ఎట్ల దుంకిందో, ఎప్పుడు గుంజుకున్నదో తెల్వదు. జానెడు దూరం. గంతె తేడా.

బండి ఆగలే. రోడ్డు దిగి, భజియల బండి పక్కకు పోయి, కింద కలిపి పెట్టిన శెనగపిండి తొట్టిల ముందు చక్రం పెట్టి అప్పుడు ఆగింది. కాగిన నూనె అవతలి దిక్కున్నది, మా అదృష్టం. వదిన టమాటల గంపల కూసున్నది. నా మొఖం నిండ పిండి. ఇంకొక నిమిషముంటె నన్ను గూడ నూనెల ఏసేటోళ్ళు.

నేను లేచి ముందు ఆ తల్లి కాడికి పోయి రెండు చేతులు పట్టుకున్న. ఆమె నన్ను తిట్టింది. తిట్టవలసిందే. భజియలాయన తిట్టిండు. అది గూడ న్యాయమే. అన్ని పడ్డ.

అప్పటికే జనం గుమికూడిండ్రు. ట్రాఫిక్ పోలీసాయన ఈలేసుకుంట వచ్చిండు. చలాన్ మిషిన్ తీసిండు.

"బండి నంబరు?"

"లేదు సాబ్."

"లైసెన్స్?"

"అక్కర్లేదన్నరు."

ఆయన మిషిన్ల ఏదో నొక్కిండు. నంబరు లేనిది మిషిన్ ముందుకు పోతలేదు. మళ్ళ నొక్కిండు. టుంయ్ మన్నది. కిరాయి కాకా కోసం చూసిండు. కాకా లేడు, మీసాలతో సహా మాయం. ఇగ దొరికింది నేనొక్కదాన్నే.

"అనాడీ ఔరత్! నడపరానిదానివి రోడ్డెక్కుతావా?" అన్నడు.

అదిగో, ఆ మాటకు లేసిన మంటతోని నా మొఖం మీది పిండి ఎండిపోయింది. తల్లి తిడ్తె పడ్డ, భజియలాయన తిడ్తె పడ్డ. ఈయన తిడ్తె ఎందుకు పడాలె?

"నాది తప్పే సాబ్. మరి వాడు నన్ను నడపొస్తదా అని అడిగిండా? గీ బండ్లు ఈడ పెట్టుమన్నదెవరు? నంబరెందుకు లేదు? చిన్న పిల్లలు తిరిగే తావుల, బస్సులొచ్చే రోడ్డు మీద ఎందుకిస్తుండ్రు? రోజు మీరు గీ పక్కనే నిలబడ్తరు గద, ఒక్కనాడన్న ఆపిండ్రా? నన్ను పట్టుకునే రూలు చూపెట్టుండ్రి, జుర్మానా కడ్త!"

జనమంత ఆయన దిక్కు తిరిగిండ్రు. ఆయన ఎర్రబడ్డడు. "అయితె ఏమేం రూల్స్ ఉండాల్నో నువ్వే చెప్పు మరి!" అన్నడు వెటకారంగ, జేబుల కెల్లి చిన్న బుక్కు తీసి.

వెటకారమైతె నాకేంది? అడిగిండు, చెప్పిన. రోడ్డు మీద కాదు, పక్కకు తాడు కట్టిన జాగల నడిపియ్యాలె. హెల్మెట్ ఇయ్యాలె. నంబరుండాలె. ముందు నేర్పాలె. జోరు తగ్గియ్యాలె. హారన్ హారన్ లెక్క మోగాలె. ఆయన నిజంగనే రాసుకున్నడు!

గప్పుడు జనాన్ని జరుపుకుంట మా ఆయన వచ్చిండు. నన్ను, వదినను, టమాటలను చూసి చేతులు జోడించిండు. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్, మా ఆడామెకు బండి నడపరాదు."

అయిపోయింది. వదిన ముందట నా గుట్టు పూర్తిగ పోయింది. తల వంచుకున్న. కాని గంపల కెల్లి వదిన లేచింది. చీరెకు అంటిన టమాట దులుపుకొని తమ్ముని మొఖాన్నే చూసింది.

"ఎందుకు రాదురా? బ్రహ్మాండంగ నడిపింది. ఆపుడే రాదు. అది వారం రోజుల్ల నేను నేర్పుత. నువ్వు బండి కొనే సంగతి చూడు!"

నిజంగనే నేర్పింది. పొద్దుగాల పొద్దుగాల పాండేసర దిక్కు ఖాళీ మైదానంల, అంగన్‌వాడీ పిల్లలకు అఆలు దిద్దిచ్చినట్టు బ్రేకు దిద్దిచ్చింది. తర్వాత లైసెన్స్ తీస్కున్న, స్కూటీ ఇంటికొచ్చింది. ఇప్పుడు నా చీరెల మూట, నేను ఒకే బండి మీద పోతున్నం.

కొన్ని నెలలకు మళ్ళ డుమ్మస్ పోయినం. కిరాయి స్కూటర్లు రోడ్డు మీద లేవు. పక్కకు తాడు కట్టిన జాగల తిరుగుతున్నయి. నంబర్లున్నయి, హెల్మెట్లున్నయి. పెద్ద బోర్డు పెట్టిండ్రు, నిండ రూల్సే. కింద, చదువురానోళ్ళ కోసం ఒక బొమ్మ గీసిండ్రు: చీరె కట్టుకున్న లావుపాటి ఆడామె, ఎన్క ఇంకొకామె, ఇద్దరి నోర్లు తెరిచి ఉన్నయి. మీదికెల్లి ఎర్ర గీత. మా ఆయన రోడ్డు మీదనే కూసోని నవ్విండు. నేను ఫోటో తీసి వదినకు పంపిన. "నిన్ను మంచిగనే గీసిండ్రు, నా ముక్కే గట్ల గీసిండ్రేంది?" అని జవాబొచ్చింది.

నవ్వేటోళ్ళు నవ్వుండ్రి. మీ ఇండ్లల్ల ఎంతమందికి చట్టం చేసిన ఘనత ఉన్నది? అయినా సరే, వినేటోళ్ళందరి సాక్షిగ, చెయ్యెత్తి ఒట్టేస్తున్న: రూల్స్ లేని బండి జన్మల ఎక్క. ఒకవేళ ఎక్కిన్నంటె, గవర్నమెంటోళ్ళు ముందుగాల్నే ఒక బోర్డు, ఒక మంచి బొమ్మ గీసేటాయన్ను తయారు పెట్టుకోవాలె.