రాజాంకి రాని క్రికెట్ ఆట

నేను చేసిన వెధవ పనులన్నిటినీ ఒక వరుసలో నిలబెడితే, ఆ వరుస రాజాం బస్టాండులో మొదలై పాతపట్నం దాటి ఒడిశాలోకి పోతుంది. అందులో అన్నిటికంటే ముందు, మెడలో దండ వేయించుకుని నిలబడాల్సినది ఒకటుంది. దాని పుణ్యాన ఒక పెద్దమనిషి కాలు రెండోసారి విరగబోయింది. నా కాపురం రెండు రోజులు ఊగింది. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న ఒక ఆటల కంపెనీకి రాజాం అనే ఊరొకటి ఉందని తెలిసింది. ఇంత ఘనకార్యం నేనొక్కడినే చేశాను. ఇంకొకరి సాయం తీసుకున్నానని ఎవరైనా అంటే నమ్మకండి.

అప్పటికి నాకు ముప్పై ఏడేళ్లు. రాజాంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉండేది. బాగైన కంప్యూటర్ల లెక్క మాత్రం అడక్కండి.

మా మావ సూర్యనారాయణ ధాన్యం వ్యాపారి. మా అమ్మకు సొంత తమ్ముడు. ఆయన కూతురు పద్మనే నేను కట్టుకున్నాను. అంటే ఆయన నాకు మేనమామా, మామగారూ కూడా. నన్ను తిట్టే హక్కు ఆయనకు రెండు వైపుల నుంచీ సంక్రమించింది. రెండింటినీ సమానంగా వాడేవాడు. చొక్కాకి ఎప్పుడూ కొత్త గోనెసంచి వాసన, జేబులో నాలుగు వడ్లగింజలు, గదికి ఆ చివర నవ్వితే ఈ చివర గ్లాసులు కదిలే నవ్వు. ఇప్పటికీ ఎక్కడైనా ధాన్యం బస్తా విప్పితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఆ ఏడు ఆయన మిల్లులో బస్తాల మీద నుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు కట్టు. కాలు నేల మీద ఆనిస్తే మళ్లీ మొదటికొస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. మూడో రోజు పొద్దున్నే మావ కేకలు మొదలెట్టాడు.

"బండి తియ్యండే! నాను నేకపోతే మార్కెట్ యార్డులో మనోళ్లు తడిసిన ధాన్యం కొనీస్తారు."

మా అత్త ఏడ్చింది. పద్మ నన్ను పెరట్లోకి లాక్కెళ్లింది. "బావా, నువ్వేటి సేస్తావో నాకు తెల్దు. కట్టు ఇప్పే దాకా నాన్న మంచం దిగకూడదు. జీవితంలో ఈ ఒక్క పనీ సరిగ్గా సేసీయ్."

మావకి ధాన్యం తరవాత క్రికెట్టే ప్రాణం. కుర్రతనంలో ఆయన బంతి విసిరితే స్టంపులు పాలకొండ రోడ్డు మీద దొరికేవట. ఈ మాట ఆయనే చెప్పాడు, కాబట్టి నిజమే అయి ఉండాలి. నా బుర్రలో దీపం వెలిగింది. అది వెలిగినప్పుడల్లా నేను భయపడాల్సింది. అప్పటికింకా ఆ తెలివి రాలేదు.

ఆ రోజుల్లోనే ఒక కొత్త ఆటల మిషను వచ్చింది. చేతిలో పట్టుకుంటే చిన్నపిల్లల పలకంత ఉంటుంది. దాని పీఠంలో నిలబెడితే టీవీలో ఆట కనిపిస్తుంది. అటూ ఇటూ ఉన్న పిడులు ఊడదీసి, చెరో చేత్తో పట్టుకుని పడుకునే ఆడుకోవచ్చు. కాలు విరిగిన క్రికెటర్ల కోసమే కనిపెట్టినట్టు ఉంది.

"మావా, మంచం దిగకుండా నీ సేత క్రికెట్ ఆడిస్తాను," అన్నాను.

"ఎలగరా? బేటింగుకి కాలు కదపొద్దేటి?"

"కాలు అక్కర్నేదు. బొటనేలు సాలు."

మావ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మచ్చు సూపించు."

ధాన్యం వ్యాపారంలో మచ్చు అంటే గుప్పెడు నమూనా. రైతు గుడ్డలో మూటకట్టి తెచ్చి అరచేతిలో పోస్తాడు. ఆ గుప్పెడు చూసి మావ లారీ లోడు కొనేవాడు. మచ్చు చూపించావంటే సరుకు నీ కళ్లంలో ఉందని ఒట్టు పెట్టినట్టే. నేను ఫోనులో ఒక క్రికెట్ ఆట ప్రకటన వీడియో పెట్టాను. రెండు నిమిషాలు. పచ్చిక మెరుస్తోంది, జనం ఊగుతున్నారు, బంతి మేఘాల్లోకి పోతోంది.

"మచ్చు బాగున్నాది," అన్నాడు మావ తల ఊపుతూ. "తెప్పించు."

ఇక్కడ పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. ఇలాంటి మిషను తయారుచేసిన కంపెనీ తన ఆటలు కొన్ని తనే చేసుకుంటుంది. మిగతావి బయటి కంపెనీలు చేసి ఇవ్వాలి. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. అయితే ఈ మిషను విడుదలకు ముందు బయటి కంపెనీల గుర్తులన్నీ ఒక బొమ్మ మీద వరుసగా వేసి, వీళ్లంతా మాతోనే ఉన్నారని చూపించారు. మావకి నేను మచ్చు చూపించిన క్రికెట్ ఆట చేసే కంపెనీ గుర్తు కూడా అందులో ఉంది. నేను దాన్ని శుభలేఖ అడుగున వేసే బంధువుల పేర్లలా అర్థం చేసుకున్నాను. మా వైపు శుభలేఖలో పేరు పడ్డవాడు పందిరి రాట వేసే రోజుకే దిగి, వంటవాడితో తగువు పడి తీరాలి. ఆ లెక్కన ఈ కంపెనీలన్నీ నెత్తిన ఆటల గంపలతో ఇప్పటికే బయల్దేరి ఉంటాయనుకున్నాను.

విశాఖపట్నం నుంచి మిషను తెప్పించాను. పీఠంలో పెట్టాను. ఆటల జాబితా తెరిచి క్రికెట్ కోసం వెతికాను. లేదు. అక్షరం అక్షరం కొట్టి వెతికాను. లేదు. చివరికి ఆ ప్రకటన వీడియో మళ్లీ పెట్టి, ఈసారి ఆఖరి దాకా చూశాను. చిట్టచివరి నాలుగు సెకన్లలో ఆ ఆట ఏయే మిషన్లకు వస్తుందో పేర్లు పడ్డాయి. మన మిషను పేరు లేదు. దీనికి అంత బలం చాలదట, కొనేవాళ్లూ తక్కువేనట. ఆ కంపెనీ శుభలేఖలో పేరైతే వేయించుకుంది గాని పెళ్లికి రాలేదు.

నిజం చెప్పేసి ఉంటే ఇక్కడితో అయిపోయేది. కానీ మావ అప్పటికే యార్డు స్నేహితులు నలుగురిని ఆదివారం మ్యాచ్‌కి పిలిచేశాడు.

"నిజం సెప్పీ బావా," అంది పద్మ.

"సెప్తే మీ నాన్న బండెక్కీస్తాడే."

నా బుర్రలో దీపం మళ్లీ వెలిగింది.

ఆదివారం నాకు ఇంటర్నెట్లో దొరికిన, రాజాంలో ఎవరూ చూసి ఉండని ఏవో విదేశీ జట్ల పాత మ్యాచ్‌ని లాప్‌టాప్‌లో ఎక్కించి, లాప్‌టాప్‌ని టీవీ వెనక దాచి, తీగ కలిపాను. మిషను మాత్రం పీఠంలో దర్జాగా నిలబడి ఉంది. పిడులు మావ చేతికిచ్చాను. "బౌలరు దగ్గరికి రాగానే నొక్కు మావా. ఎంత గట్టిగా నొక్కితే అంత దూరం పోతాది."

మావ నొక్కాడు. ఫోరు. యార్డు స్నేహితులు ఈలలు వేశారు. మళ్లీ నొక్కాడు. రెండు పరుగులు. ఆయన మొహం చూడాలి మీరు! పాతికేళ్లు వెనక్కి పోయింది.

"ఏట్రా, అచ్చం మనుసుల్లాగే ఉన్నారు," అన్నాడు పక్క కుర్చీలోని అప్పలసామి. ఆయనా ధాన్యం వ్యాపారే. దేన్నీ ఊరికే నమ్మే మనిషి కాదు.

"ఇప్పుడు టెక్నాలజీ అలగ పెరిగిపోనాది," అన్నాను.

"మరి ఈడేటి, తొడ గోక్కుంటన్నాడు?"

"మావ పొరపాటున పక్క బటన్ నొక్కీసాడు."

మావ ఉలిక్కిపడి ఆ బటన్ మీద నుంచి వేలు తీసేశాడు. ఇంకాసేపటికి తెరమీద అందరూ నీళ్లు తాగడానికి ఆగారు. "నాను ఎల్లమన్నేదే!" అని మావ గోల. "ఎండగా ఉన్నాది గదా, వాళ్లకై వాళ్లే ఎల్తారు," అన్నాను. నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"సూర్నాణా, నాకో బంతి ఇయ్యి," అన్నాడు అప్పలసామి.

మావ పిడులు అందించాడు. అప్పలసామి చేయి చాచాడు. రెండు చేతుల మధ్య నుంచి అవి జారి దుప్పటి మీద పడ్డాయి. సరిగ్గా అప్పుడే బౌలరు పరిగెత్తుకొచ్చాడు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. బ్యాట్స్‌మన్ ముందుకొచ్చి ఒకటిచ్చాడు. స్టేడియం దాటిపోయింది.

అందరి తలలూ దుప్పటి మీది పిడుల వైపు తిరిగాయి.

"ఆడేవోడు నేకుండా సిక్సేట్రా?" అన్నాడు అప్పలసామి నెమ్మదిగా.

అంతలో టీవీ వెనక నుంచి లాప్‌టాప్ బ్యాటరీ అయిపోతోందని టింగుమంది. అప్పలసామి లేచి వెనక్కి చూసి, దాన్ని చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తి అందరికీ చూపించాడు.

మావ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దుప్పటి తీసేసి కట్టు కాలు మంచం మీద నుంచి కిందికి దించడం మొదలెట్టాడు. "బండి తియ్యండి. మచ్చు సూపించి మోసం సేసిన మనిషి ఇంట్లో ఉంటే, నాను యార్డులో ఉంటాను."

కాలికీ నేలకీ జానెడు దూరం. పద్మ కెవ్వుమంది. నేను నేల మీద పడుకుని ఆ కాలిని రెండు చేతులతో పైకి పట్టుకుని, ఉన్నదంతా కక్కేశాను. బొమ్మ మీద గుర్తులు, ఆఖరి నాలుగు సెకన్లు, అన్నీ.

కాలు ఆగింది.

"సరుకు తయారయిందా, అవనేదా?" అన్నాడు మావ.

"అయింది మావా. వేరే మిషన్లకి ఇచ్చీసారు."

"మనకేల ఇవ్వనేదు?"

"మన మిషనుకి బలం సాలదంట. కొనేవోళ్లు ఉండరని అనుమానమంట."

మావ కళ్లలో ఒక వెలుగు వచ్చింది. కోతల కాలంలో తప్ప నేనెప్పుడూ చూడనిది. కాలు తనే ఎత్తి దిండు మీద పెట్టుకున్నాడు. "అదా సంగతి! బేరం కుదరనేదంతే. ఆళ్లకి నమ్మకం నేదు. నాను మాటాడతాను. కాయితం తియ్యి."

ఆయన చెప్పాడు, నేను ఇంగ్లీషులో ఆ క్రికెట్ ఆట కంపెనీకి మెయిల్ రాశాను. పద్మ మాత్రం రెండు రోజులు నాకు కంచం పెట్టకుండా, పుట్టింటి గదిలోనే పడుకుంది. నాలుగు రోజులకి జవాబొచ్చింది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, ప్రస్తుతానికి ఆ మిషనుకు తెచ్చే ఆలోచన లేదు అని.

"ప్రస్తుతానికి అన్నాడా?"

"అన్నాడు."

"అంటే బేరం తెగనేదు. రాయి. బలం సాలకపోతే జనాన్ని తగ్గించమను. స్టేడియంలో అంతమంది దేనికి? ఎనకాల అట్టముక్కలు నిలబెట్టినా సాలు. గడ్డి పలసగా ఉన్నా మాకు అభ్యంతరం నేదు."

రాశాను. అలా వారానికి రెండు మెయిళ్లు. మావ దిండుకి ఆనుకుని కళ్లు మూసుకుని చెప్పేవాడు. అప్పలసామి పక్కన కూర్చుని, "అంత మెత్తగా వొద్దు, కొంచెం బిగించు," అనేవాడు. అత్త అందరికీ టీలు తెచ్చేది. ఆ కిటికీలోంచి పడే ఎండ, ఆ టీ, వాళ్ల వాదన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ గదిలోకి వెళ్లిపోవాలనిపిస్తుంది. ఆఖరి మెయిల్లో మావ తన అసలు ఆయుధం తీశాడు. "కొనేవోళ్లు నేరని భయం వొద్దు. ఆట వస్తే మేం పదకొండు మందిమి తలా ఒకటి కొంటాం." కింద పదకొండు మంది ధాన్యం వ్యాపారుల సంతకాలు.

మీ సూచనను సంబంధిత బృందానికి పంపించాం అని జవాబొచ్చింది. "కుదిరిపోనాది!" అన్నాడు మావ. ఆ మరుసటి రోజే కట్టు విప్పారు. ఇంత బుద్ధిగా మంచం మీద ఉన్న రోగిని తను చూడలేదని డాక్టరు మెచ్చుకున్నాడు. పద్మ పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి నాకు అడక్కుండా రెండో గరిటె పాయసం వేసింది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. రెండేళ్ల తరవాత ఆ ఆట మన మిషనుకు వచ్చింది! వెనకాల జనం అట్టముక్కల్లా ఉన్నారు. గడ్డి పలచగా ఉంది. బలం తక్కువ మిషనుకు ఎవరైనా అలాగే కుదిస్తారు మావా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"సూసినావా, నా మాట ఎలగ ఇన్నారో! ఇంక పదకొండు తెప్పించు."

"మిషను ఒక్కటే ఉంది మావా!"

"మిషను కొంటామని రాసామేటి? ఆట కొంటామన్నాం. మాటంటే మాటే."

పదకొండు ఆటలొచ్చాయి. ఒక్కొక్కటి మిషనులో దూర్చే బొటనవేలి గోరంత బిళ్ల. పదకొండు మందీ చేతికందగానే ఏం చేశారనుకున్నారు? ధాన్యం వ్యాపారి చేతిలో కొత్త సరుకు పడితే ఆరిందో లేదో చూడ్డానికి పంటికింద పెడతాడు. అందరూ ఒకేసారి కొరికారు. చంటిపిల్లలు మింగకుండా ఆ బిళ్లలకు భయంకరమైన చేదు పూస్తారన్న సంగతి నాకు తెలుసు. చెప్పేలోపే పదకొండు మొహాలూ పిండిన నిమ్మచెక్కలయ్యాయి. బావి దగ్గరికి పరుగు తీసినవాళ్లలో మావే ముందున్నాడు. కాలు అంత బాగా అతుక్కుంది మరి.

కథ అక్కడా ఆగలేదు. ప్రతి ఆదివారం మ్యాచ్. ఎవరి బ్యాటింగ్ వస్తే వారు, "నాను కొన్నదాన్లోనే ఆడతాను," అని తన బిళ్ల పెట్టమంటాడు. బిళ్ల మార్చినప్పుడల్లా ఆట సున్నా నుంచి మొదలు. మార్చే ఉద్యోగం నాది. పదకొండు మందీ ఓపెనర్లుగా ఉన్న జట్టు ఈ భూమ్మీద రాజాంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ మ్యాచ్ ఇంకా నడుస్తోంది.

మొన్న మావ ఫోను చేసి అడిగాడు. "ఒరే, అదే మిషను కొత్తది వచ్చిందంట గదా. దాన్లో కబడ్డీ వస్తాదేటి?" నేను జవాబు చెప్పకుండా ఫోను పెట్టేసి, కాళ్లు కడుక్కుని, తూర్పుకి తిరిగి నిలబడి, పద్మ సాక్షిగా ప్రమాణం చేశాను: ఏ ఆట గురించైనా సరే, అది విడుదలై, నా చేతికొచ్చి, అందులో నేను ముమ్మారు చిత్తుగా ఓడిపోయిన తరవాత తప్ప, ఈ జన్మలో నోరు విప్పను.