వియ్యంకుడికి వడ్డించబోతే...

మొన్న ఆదివారం మధ్యాహ్నం నేను రెండు గంటలసేపు హోటల్లో సర్వరు పని చేసినానప్పా! నవ్వొద్దండి. ముందే చెప్తాండా, నాకింకా కోపం తగ్గలేదు. ఆ టీ ఇట్ల ఇవ్వండి, మొదటి నుంచి చెప్తా.

నాది మోటర్ల వైండింగ్ షాపు, మీకు తెలిసిందే. బోర్లలో నీళ్ళు అడుక్కి పోయేకొద్దీ మోటర్లు కాలిపోతాయి, కాలినవన్నీ కొత్త తీగ చుట్టించుకునేదానికి నా దగ్గరికే వస్తాయి. ఎండాకాలం ఆదివారం కూడా తీరిక ఉండదు. అట్లాంటిది షాపు మూసి మరీ పోయినా. ఎందుకంటే, మా వియ్యంకుడికి మర్యాద చేసేదానికి!

మా పద్మ పెండ్లిలో ఆయన అలిగినాడు. మడకశిర మనిషి, పేరు రంగప్ప. "ఆకు ముందర నిలబడి 'ఏం కావాల బావా' అని ఒక్క మాట అడగలా మీ నాయన" అని ఎనిమిది నెలలుగా పద్మని పొడుస్తానే ఉన్నాడు. అంత పెండ్లిలో నేను ఎవరి ఆకు ముందరని నిలబడేది? గ్యాస్ అయిపోయిందని ఒకడు, కరెంటు పోయిందని ఇంకొకడు! సరే, తప్పు నాదే అనుకుందాం. ఇప్పుడు పద్మకి ఆరో నెల. వచ్చే నెల పుట్టింటికి రావాలని దానికి ప్రాణం కొట్టుకుంటాంది. ఆయన్ని అడిగితే అవుననడు, కాదనడు. నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంటామె మాత్రం, "నీ కోపం మింగు. ఒక పూట పిలిచి కడుపు నిండా పెట్టు. ఆయనే పంపిస్తాడు" అనింది.

యాడ పెట్టాల? అల్లుడు మంజు సలహా ఇచ్చినాడు. "మామా, బెంగళూరు రోడ్డులో పెద్ద ఆసియా బఫే తెరిచినారు. చైనా, జపాన్, థాయ్, అన్నీ ఉంటాయి. ఎంతైనా తినొచ్చు. పద్మకి నూడుల్స్ మీద మనసు పోతాంది." సరే అన్నా. నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నా.

పోయినాం. కల్యాణమంటపం అంత హాలు. రంగప్ప బావ, ఆయన భార్య సరోజక్క, అల్లుడు, పద్మ, మేమిద్దరం. సరోజక్క ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఒక మూల కూర్చుంది. బావ మాత్రం కౌంటర్ల మీది బోర్డులన్నీ చదివినాడు. వాళ్ళింట్లో సగం కన్నడమే కదా, కన్నడంలో తాయి అంటే అమ్మ. "థాయ్" అని కనబడేసరికి ముచ్చటపడిపోయినాడు. "తాయి అంట బావా! అమ్మ చేతి వంట ఉండాదేమో!" అని నవ్వినాడు. ఎనిమిది నెలల తర్వాత నా ముఖం చూసి నవ్వినాడు! పని అయిపోయిందిరా దేవుడా అనుకున్నా.

అంతలో అల్లుడు ఒక ప్లేటు తెచ్చి ఆయన చేతిలో పెట్టినాడు. "నాయనా, ఈడ ఎవురికి వాళ్ళే పోయి పెట్టుకోవాల."

నవ్వు మాయం. ప్లేటు టేబుల్ మీద ఠపీమని పడింది.

"ప్లేటు పట్టుకొని లైన్లో నిలబడాల్నా? ఇదేమన్నా గంజి కేంద్రమా? చిన్నప్పుడు కరువులో మా నాయన పక్కన నిలబడినా. మళ్ళా ఇప్పుడు వియ్యంకుడు పిలిచి నిలబెడతాడా నన్ను?"

నాకు సర్రుమనింది. ఇంత దూరం పిలిచి, ఏసీలో కూర్చోబెడితే గంజి కేంద్రమంట! కానీ పద్మ నా వైపు చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకొని బిడ్డ అట్ల చూస్తాంటే ఎవురికి నోరొస్తుంది? "నువ్వు కూర్చో బావా. నేను లేనా? ఏం కావాలో చెప్పు, నా చేత్తో తెచ్చి పెడతా" అన్నా. ఆయన కాళ్ళు చాపుకొని, "అన్నీ కొంచెం కొంచెం" అన్నాడు.

అన్నీ! ఆడ అరవై గిన్నెలు ఉన్నాయప్పా!

ఇంకొక సంగతి ఈడే చెప్పాల. ఆరోజు నేను వేసుకున్నది మెరూన్ చొక్కా, నల్ల ప్యాంటు. ఆ హోటల్లో సర్వర్లందరికీ మెరూన్ చొక్కా, నల్ల ప్యాంటు. చూసుకునే తీరిక నాకేది?

రెండు చేతుల్లో రెండు ప్లేట్లతో వస్తాంటే ఒకాయన, "అన్నా, పద్నాలుగో టేబుల్‌కి నీళ్ళు" అన్నాడు. వినబడనట్టు పోయినా. రెండో ట్రిప్పులో ఒకామె నా ప్లేట్లో నుంచి చేపముక్క తీసుకొని "థ్యాంక్యూ" అనింది! బావ కోసమని ఏరి ఏరి తెచ్చిన ముక్క! పళ్ళు కొరుక్కుంటా పోయినా. మూడో ట్రిప్పులో మళ్ళీ ఆ పద్నాలుగో టేబులాయన. ఈసారి చిటిక వేసినాడు. చిటిక! నన్ను!

"ఏమప్పా, సూప్ చల్లారిపోయింది. వేడిది తే."

ఇంక ఆగలేకపోయినా. హాలంతా వినబడేటట్టు అరిచినా. "నేను సర్వర్ని కాదయ్యా! నాది వైండింగ్!"

ఆయన స్పూను కింద పెట్టినాడు. "వైండింగా? అప్పుడే వైండప్ చేస్తాండారా? మూడున్నర దాకా అని బోర్డు పెట్టినారు కదా!"

"మోటర్ వైండింగ్ అయ్యా!" అంటానే ఉన్నా. వినేదెవరు? వెనక టేబుల్లో ఒకామె లేచి, "ఏమండీ, మూసేస్తాండారంట, లేయండి!" అనింది. అంతే! హాలు హాలంతా లేచింది. మునిసిపల్ ట్యాంకర్ వచ్చిందంటే మా వీధిలో బిందెలు ఎట్ల లేస్తాయో అట్ల లేచినాయి ప్లేట్లు. రొయ్యల కౌంటర్ రెండు నిమిషాల్లో ఖాళీ. ఒక పెద్దాయన నూడుల్స్ గిన్నెకు గిన్నే ఎత్తుకుపోయినాడు. ముందు తెచ్చినవి తినేసి, బావ ప్లేటేమో ఖాళీగా ఉండాది. ఆయన ముఖం మళ్ళీ ముడుచుకుంటాంది.

అప్పుడు వచ్చినాడు సూపర్‌వైజరు, టై కట్టుకొని. "వైండప్ అని ఎవరు చెప్పింది? నువ్వేనా? కొత్తగా చేరినావా? నీ క్యాప్ యాడ?"

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కానీ ఒకటి గమనించినా. కస్టమర్లంతా కౌంటర్ల ముందు ఒకరి మీద ఒకరు పడతాండారు. వెనకపక్క నుంచి మాత్రం క్యాప్ పెట్టుకున్నోళ్ళు ఎవరికీ తగలకుండా పోయి, వేడివేడివి అందుకొని వస్తాండారు.

మీరు తిట్టుకోండి, ఏమన్నా అనుకోండి. "పోగొట్టుకున్నా సార్, ఇంకొకటి ఇవ్వండి" అన్నా.

ఇచ్చినాడు. పెట్టుకున్నా. వెనక నుంచి పోయి చేపలు, రొయ్యలు, నూడుల్స్ బావ ముందర కుప్ప పోసినా. ఆయన నా టోపీ చూసి ఎంత మురిసిపోయినాడో! "మర్యాద అంటే ఇదీ బావా! టోపీ గూడా పెట్టుకున్నావే!" అన్నాడు. పద్మ ముఖంలో వెలుగొచ్చింది. కానీ సూపర్‌వైజరు కళ్ళు నా మీదే ఉన్నాయి. పక్కనే పద్నాలుగో టేబుల్. ఏం చేసేది? ఆ చిటిక వేసినోడికి కూడా వేడి సూప్ తెచ్చి పెట్టినా, తర్వాత ఐస్‌క్రీమ్ అంటే అదీ తెచ్చినా. ఎంత మండిందో చెప్పలేను.

మూడున్నరకి నిజంగానే వైండప్ చేసినారు. అప్పటికి నా నోట్లో ఒక్క మెతుకు పడలేదు. ప్లేటు తీసుకోబోతే సూపర్‌వైజరు నా చెయ్యి పట్టుకున్నాడు. "స్టాఫ్ భోజనం నాలుగున్నరకి. వెనకాల."

"నేను కస్టమర్ని!" అని అరిచినా.

"టోపీ తీసి మాట్లాడు" అన్నాడు.

అల్లుడు వచ్చి చెప్పేదాకా వాడు నమ్మలేదు. చెప్పినాక సారీ సారీ అంటా, మిగిలిన క్యాబేజీ తెచ్చిచ్చినాడు. నోట్లో పెట్టుకుంటే పులిసిపోయి ఉండాది. చెడిపోయిందయ్యా అంటే, "కొరియా వాళ్ళది సార్, పులిసినాకే తింటారు" అన్నాడు. ఆకలికి అదే తిన్నా. ఇంటికొచ్చి సంగటి చేయించుకొని తిన్నా.

సాయంత్రం పద్మ ఫోన్ చేసింది. "నాయనా! మా మామకి కోపం పోయింది. ఏడో నెల రాంగానే పంపిస్తానన్నాడు!"

కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయప్పా. పడిన తిప్పలన్నీ మర్చిపోయినా. "బంగారుతల్లీ, ఇంకేం కావాల నాకు" అన్నా.

"కానీ నాయనా," అనింది, గొంతు తగ్గించి. "మా అత్త అలిగింది."

"ఆమెకేమైందే? ఒక్క మాట కూడా మాట్లాడలేదే!"

"అందుకే గమనించినావు కావు. నువ్వు పద్నాలుగో టేబులోళ్ళకి ఐస్‌క్రీమ్ రెండుసార్లు తెచ్చిచ్చినావంట. ఆమెకి ఒక్కసారే ఇచ్చినావంట. 'మీ నాయనకి మాకంటే ముక్కూముఖం తెలియనోళ్ళే ఎక్కువ. ఆయనొచ్చి నాకు సమాధానం చెప్పినాకే నువ్వు కదిలేది' అంటాంది."

ఫోన్ పెట్టేసి ఒక్కణ్ణే కూర్చొని తిట్టుకున్నా. అబద్ధమైతే ఎదురు తిరుగుదును. అడిగితే ఇచ్చినానని చెప్పేదానికి కూడా లేదు. వాళ్ళు రెండోసారి అడగనే లేదప్పా! ఖాళీ కప్పులు కనబడేసరికి నా కాళ్ళే పోయినాయి.