బావ కోసం పరిచిన ముళ్ళు

పెంచల్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఊళ్ళో తక్కువ. అందరికీ అతను నరేంద్రబాబు బామ్మర్ది. మేత బస్తాలు దించే డ్రైవర్లు అదే అంటారు, ఐసు బండి సుబ్బు అదే అంటాడు. కరెంటు ఆఫీసుకు పోతే బావ పేరు చెప్పందే ఎవరూ తలెత్తి చూడరు. పదో తరగతి తప్పి అక్క ప్రత్యూష ఇంటికి చేరినప్పటి నుంచి అతని తిండీ పనీ పడకా అన్నీ బావవే.

మైపాడు పోయే రోడ్డు పక్కన నరేంద్రబాబుకు రొయ్యల గుంటలున్నాయి. వాటికి మేత చల్లడం, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోకుండా చూసుకోవడం పెంచల్ పని. పొద్దున్నే నీళ్ళలోంచి చెక్ ట్రే పైకి తీసి, అందులో పడ్డ రొయ్య మేత తింటున్నదా, ఒంటి మీద తెగులు ఏమన్నా ఉందా అని చూసి బావకు చెప్పడం కూడా అతని పనే.

తనదని చెప్పుకోదగ్గది అతనికి ఫోనులో ఆట ఒక్కటే. దానికి ఇంగ్లీషులో పొడవాటి పేరేదో ఉంది. ఇందుకూరుపేట చుట్టుపక్కల ఆడేవాళ్ళందరూ 'బరి' అంటారు. ఒక్కొక్కరు నాలుగు వింత జీవులను తెచ్చుకోవాలి. బరిలో నిలబడేది ఒకదానికి ఎదురు ఒకటే. ప్రతి వంతులోనూ ఇద్దరూ ఒకరికి కనబడకుండా ఒకరు నొక్కుతారు: ఉన్నదానితో దెబ్బ కొట్టడమా, దాన్ని వెనక్కు తీసి ఇంకోదాన్ని దించడమా అని. ఇద్దరి మాటా ఒకేసారి బయటపడుతుంది. నాలుగూ పోయినవాడు ఓడినట్టు.

నరేంద్రబాబు కూడా ఆడేవాడు. అతని జట్టులో నాలుగూ కొట్టేవే. ముందు నిలబడేది నిప్పుతొండ. పెంచల్ అట్లా ఆడేవాడు కాదు. ఒకటి కొట్టేది, ఒకటి దెబ్బలు కాచేది, ఒకటి గాయాలు మాన్పేది, ఒకటి వేగంగా ఉరికేది. దేనికది గొప్పది కాదు. నాలుగూ కలిస్తే ఎవరొచ్చినా ఎంతో కొంత సమాధానం ఉంటుంది. "ఇది జట్టా, సత్రమా?" అని బావ ఎగతాళి చేసేవాడు. ఆట తయారుచేసేవాళ్ళు ఎప్పటికప్పుడు బలాబలాలు సరిచేస్తుంటారు. ఒకసారి నిప్పుతొండ మంట తగ్గించారు. ఆ రోజు నరేంద్రబాబు అన్నం ముందర కూర్చుని, "ఎవుడో గిట్టనోడు చెప్పుంటాడు వాళ్ళకి" అని పెంచల్ వైపే చూశాడు.

అప్పటికే ఇద్దరికీ పడటం లేదు. దానికి కారణం ఆట కాదు.

నిరుటి పంటలో ఒకనాటి పొద్దున పెంచల్ ట్రే ఎత్తి చూస్తే రొయ్య తల మీద తెల్లమచ్చ కనబడింది. పరుగున పోయి బావను లేపాడు. "మచ్చ వచ్చుండాది బావా. ఇయాలే పట్టేద్దాం. ఉన్నకాడికి దక్కుద్ది." నరేంద్రబాబు గట్టు మీద నిలబడి నీళ్ళ వైపు చూశాడు. రొయ్య ఇంకొంచెం ఒళ్ళు చేస్తే మంచి ధర వచ్చేటట్టుంది. "శుక్రవారం దాకా ఆగు" అన్నాడు. శుక్రవారం వచ్చేసరికి గుంట చుట్టూ గట్టు వెంబడి రొయ్య తెల్లగా తేలింది. వాసనకు పక్క గుంటల వాళ్ళు వచ్చి అడిగితే నరేంద్రబాబు ఒక్కటే మాట చెప్పాడు. "మా బామ్మర్ది ట్రే చూళ్ళా. ఫోన్లో పడి మర్చిపోయినాడు."

ఆ మాట ఊరంతా పాకింది. పెంచల్ కాదనలేదు. కాదంటే ఎవరు నమ్ముతారు? అక్క కూడా ఆ రోజు వడ్డించి పక్కకు పోయింది గాని ఒక్క మాట అడగలేదు.

అతను చేసిందల్లా బావను చూడటం. ఆ పంట తర్వాత నరేంద్రబాబులో ఒక మార్పు వచ్చింది. మచ్చ అన్న మాట వింటే చాలు, ఆగలేడు. తర్వాతి పంటలో రొయ్య కుబుసం విడుస్తుంటే తెగులనుకుని, చూపుడువేలంత కూడా కాకముందే వలలు వేయించి పట్టించేశాడు. ఊళ్ళో వాళ్ళింకా అతన్ని మొండివాడనే అనుకుంటున్నారు. అతను మొండివాడు కాడని ఇప్పుడు తెలిసింది పెంచల్‌కు ఒక్కడికే. ఆటలోనూ అదే. బరిలో విషం తగిలిన జీవి ఒంటి మీద ఊదారంగు మచ్చలు పడతాయి. మచ్చ పడిందంటే బావ బొటనవేలు 'వెనక్కు' అన్న బొత్తం మీదికి దానంతటదే పోతుంది.

ఇట్లా ఉండగా ఇందుకూరుపేటలో సెల్లు షాపు నడిపే ఆనందబాబు ఒక కబురు చెప్పాడు. నెల్లూరులో బరి పోటీలు పెడుతున్నారు. ఈ చుట్టుపక్కల నుంచి ఒక్కరికే చోటు. ఇక్కడివాళ్ళు ఆడగా ఆడగా చివరికి మిగిలింది నరేంద్రబాబు, పెంచల్. ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి తాను వచ్చాక, షాపులోనే ఇద్దరూ ఆడాలి. గెలిచినవాడు నెల్లూరు పోతాడు.

పెంచల్‌కు ఆ చోటు కావాలి. అక్కడ మైకులో పిలిస్తే తన పేరే పిలుస్తారు. బామ్మర్ది అని పిలవరు. అతనికి అంతకంటే పెద్ద కోరిక ఏదీ లేదు, ఇది మాత్రం అన్నం సహించనంతగా ఉంది.

ఆ వారమంతా అతను జట్టును విప్పి మళ్ళీ కట్టాడు. గాయాలు మాన్పేదాన్ని తీసేశాడు. ఉరికేదాన్ని, కొట్టేదాన్ని కూడా తీసేశాడు. ముళ్ళచేపను తెచ్చాడు. అది బరి నేల మీద ముళ్ళు పరుస్తుంది, ఆ తర్వాత అవతలివాడు కొత్తగా దించే ప్రతి జీవీ ఆ ముళ్ళు తొక్కి కొంత ప్రాణం పోగొట్టుకోవాల్సిందే. బురదపామును తెచ్చాడు. దానికి బలం లేదు, విషం చల్లడం ఒక్కటే వచ్చు; బరిలో దిగుతూనే ఒకసారి చల్లేస్తుంది. చివర దెబ్బలు కాయడానికి రెండు, కొండపీత, రాతితాబేలు.

ఆనందబాబు ఆ జట్టు చూసి మొహం చిట్లించాడు.

"ఇదేం జట్టబ్బయా? నిలబడి కొట్టేవోడు తగిలితే నిమిషంలో పోతావు."

"నిలబడి కొట్టేవోడితో కాదన్నా నేను ఆడేది."

ఆదివారం షాపు నిండిపోయింది. టెంపర్డ్ గ్లాసులు వేలాడదీసిన గోడకు ఆనుకుని సుబ్బు నిలబడ్డాడు. నరేంద్రబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకున్నాడు.

"ఏం పెంచలా, ట్రే చూసొచ్చినావా? ఇయాల కూడా మర్చిపోయినావా?"

అందరూ నవ్వారు.

"చూసినా బావా. మేత బాగానే తినుండాయి" అన్నాడు పెంచల్.

ఆట మొదలైంది. నిప్పుతొండ దిగింది. పెంచల్ ముళ్ళచేపను దించి, దెబ్బ తింటూనే ముళ్ళు పరిచాడు. మళ్ళీ దెబ్బ, మళ్ళీ ముళ్ళు. మూడో దెబ్బకు ముళ్ళచేప పోయింది.

"సుబ్బూ, బండిలోంచి ఐసు తెచ్చి పెట్టబ్బా. సచ్చిన చేప కంపు కొడతాది" అన్నాడు నరేంద్రబాబు.

షాపంతా మళ్ళీ నవ్వింది. పెంచల్ బురదపామును దించాడు. అది దిగుతూనే విషం చల్లింది. నిప్పుతొండ ఒంటి మీద ఊదా మచ్చలు పడ్డాయి.

నిజానికి అవి పెద్ద లెక్క కాదు. విషం మెల్లగా తింటుంది. నిప్పుతొండకు ఇంకా నాలుగైదు దెబ్బలు కొట్టే సత్తువ ఉంది, బురదపాముకేమో రెండు దెబ్బలు చాలు. అక్కడున్న ఎవరికైనా ఆ సంగతి తెలుసు. పెంచల్ తన ఫోను వైపు చూడలేదు. బావ బొటనవేలు చూశాడు. అది పక్కకు జరిగింది.

నిప్పుతొండ వెనక్కు పోయింది. దాని బదులు దిగిన మెరుపుగద్ద ముళ్ళు తొక్కింది. పెంచల్ ఈ వంతులో విషమే నొక్కి ఉన్నాడు. ఆ విషం దిగుతున్న గద్దకు తగిలింది. దానికీ మచ్చలు. బొటనవేలు మళ్ళీ జరిగింది.

నవ్వులు తగ్గిపోయాయి. నరేంద్రబాబు ఒకదాన్ని తీసి ఒకదాన్ని దించుతున్నాడు. దించిన ప్రతిదీ ముళ్ళు తొక్కుతున్నది, దిగీ దిగగానే విషం తగిలించుకుంటున్నది. నాలుగింటికీ మచ్చలు పడ్డాక కూడా అతను ఆగలేదు. ఏది తక్కువ చెడిందో చూసుకుంటూ తిప్పుతూనే ఉన్నాడు. బురదపాము మీద ఒక్క గీత కూడా పడలేదు.

సుబ్బు ఉండబట్టలేకపోయాడు. "అన్నా, తీయబాక. నిలబడి కొట్టు. అది పామన్నా, ఊదితే పోద్ది."

"నువ్వు గమ్మునుండు. మచ్చ వచ్చినాక పెట్టుకోని కూర్చుంటే ఏమవుద్దో నాకు తెలుసు."

ఆ మాటకు పెంచల్ ఒక్కసారి తలెత్తి బావను చూశాడు. విషం నొక్కాడు.

గద్ద పోయింది. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. చివరికి నిప్పుతొండ ఒక్కటే మిగిలింది. ఇప్పుడు వెనక్కు తీయాలన్నా తీయడానికి చోటు లేదు. గతిలేక నరేంద్రబాబు నిలబడి కొట్టాడు. ఒక్క వంతులో పాము సగమైంది, రెండో వంతులో పోయింది. రాతితాబేలు దిగితే దాన్నీ కాల్చి పారేసింది. ఒళ్ళంతా మచ్చలతో, ముళ్ళు తొక్కిన కాళ్ళతో, ఆ తొండ చేయగలిగిందంతా అప్పుడు చేసింది. కొండపీత దిగింది. మంట తగిలి దాని ప్రాణం వెంట్రుకవాసికి వచ్చి ఆగింది. ఆ వంతు ముగుస్తుండగా విషం నిప్పుతొండను పడేసింది.

మొదటి నుంచీ నిలబడి కొట్టి ఉంటే నరేంద్రబాబు సునాయాసంగా గెలిచేవాడు. ఆ సంగతి అందరికీ ఒకేసారి తెలిసింది, అతనికి కూడా.

అతను కుర్చీలోంచి లేచాడు. మొహం నల్లబడింది.

"తెలిసే చేసినావురా నువ్వు. ఆ పొద్దు మచ్చ చూపించి పట్టేద్దాం అన్నావు, నేను ఆగమంటి. దాన్ని కడుపులో పెట్టుకోని ఇయాల ఇంతమందిలో నా గుంటనే తెచ్చి నా ముందర పెట్టినావు."

సుబ్బు గోడ దగ్గరి నుంచి కదిలాడు. అతను అడిగింది వేళాకోళానికి కాదు, నిజంగానే అర్థంకాక.

"అయితే ట్రే చూసినాడా అన్నా?"

నరేంద్రబాబు అతని వైపు చూడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"రేపట్నించి గుంట కాడికి రాబాక" అన్నాడు పెంచల్‌తో.

"రానులే."

నరేంద్రబాబు పోయాక ఆనందబాబు నెల్లూరుకు ఫోను చేశాడు. "మా తరఫున పెంచల్ వస్తాడు. ఎవరంటే ఏం చెప్పేది సార్, పెంచలంటే పెంచలే." వినాలని ఇన్నాళ్ళు ఎదురుచూసిన మాట అది. అప్పుడు మాత్రం పెంచల్ బట్టలు తెచ్చుకోవడం ఎట్లాగా అని ఆలోచిస్తున్నాడు.

ఇంటికి పోయేసరికి ప్రత్యూష అతని బట్టలు సంచిలో సర్ది వాకిట్లో పెట్టి ఉంది. లోపలికి రమ్మనలేదు.

"గెలిచినావంట."

"గెలిచినా."

"గెలవబాకని ఎవురన్నారు? ఆ మచ్చను పెట్టే గెలవాల్నా? ఆయన ఇప్పటికీ రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు, నీకు తెలవదు."

"నా మీద అబద్ధం చెప్పినప్పుడు ఆయన్ని అడిగినావా నువ్వు?"

"అడిగినా" అంది ప్రత్యూష. "నాతో ఒప్పుకున్నాడు. ఆ మాట నీకు చెప్తే ఆ రోజే పోతావని చెప్పలా. ఇప్పుడు పో."

ఆమె తలుపు వేసుకుంది. పెంచల్ సంచి భుజాన వేసుకుని వచ్చి షాపు వెనక గదిలో దిగాడు. పాత చార్జర్ల అట్టపెట్టెలు జరిపి ఆనందబాబు అక్కడ చాప వేసి ఇచ్చాడు.

మర్నాటి నుంచి నెల్లూరు కోసం సాధన మొదలుపెట్టాడు. ఊరూ పేరూ తెలియనివాళ్ళతో ఆడితే వరసగా ఓడిపోయాడు. వాళ్ళెవరూ మచ్చకు జడవలేదు. విషం తగిలితే తగలనిచ్చి, నిలబడి కొట్టి, పామును చంపి ముందుకు పోయారు. కిందపడ్డ ముళ్ళు ఎవరికీ గుచ్చుకోలేదు, కొత్తగా దించేవాడుంటే గదా. ఆ జట్టు ఈ లోకంలో ఒకే ఒక్క మనిషిని ఓడించడానికి పనికొచ్చే జట్టు. వెనకటి నాలుగింటినీ మళ్ళీ కట్టి చూశాడు. వాటి మీద చేయి తిరగడం లేదు. ఏం చేసినా అవతల బావ ఉన్నట్టే ఆడుతున్నాడు.

బుధవారం టీ తాగుతుంటే ఫోను మోగింది. బరిలోకి రమ్మని పిలుపు, నరేంద్రబాబు పేరుతో. పెంచల్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. మళ్ళీ ఓడిపోవాలని ఉంది కాబోలు అనుకుని, ముళ్ళచేపనే ముందు పెట్టి ఒప్పుకున్నాడు.

ముళ్ళు పరిచాడు. విషం చల్లాడు. నిప్పుతొండ ఒంటి మీద మచ్చలు పడ్డాయి. పెంచల్ అలవాటుగా విషమే నొక్కాడు.

తొండ వెనక్కు పోలేదు. పాము మీద పడి కాల్చింది. మచ్చలు ప్రాణాన్ని తింటున్నా కదలకుండా నిలబడి మళ్ళీ కాల్చింది. ఆ వంతులో బావ బొటనవేలు 'వెనక్కు' దాకా పోయే ఉంటుంది. పోయినా నొక్కలేదు. పెంచల్ జట్టు నాలుగూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. ఆట ముగిశాక ఒక సందేశం వచ్చింది.

"ఆ చెత్త జట్టు ఏసుకోనే నెల్లూరు పోతావా?"

పెంచల్ జవాబు రాయలేదు. ముళ్ళచేపను, పామును, తాబేలును తీసేశాడు. గాయాలు మాన్పేదాన్ని, ఉరికేదాన్ని, కొట్టేదాన్ని తెచ్చి పెట్టుకుని ఈసారి తనే పిలుపు పంపాడు. ఓడిపోయాడు. మళ్ళీ పంపాడు. ఈసారి బావ ఎక్కడ తొందరపడతాడో కొంచెం కనబడింది, అయినా ఓడిపోయాడు. ఆట ముగిసిన ప్రతిసారీ ఒక తిట్టు వస్తున్నది. తిట్టు వెనకే మళ్ళీ పిలుపు.

ఆనందబాబు వెనక గదిలోకి తొంగి చూశాడు. టీ చల్లారి మీగడ కట్టి ఉంది.

"ఏందిది, మీ బావేనా? రాజీకొచ్చినాడా?"

"ల్యా" అన్నాడు పెంచల్, తల ఎత్తకుండా. "నిలబడి కొడతా ఉండాడు. జరుగన్నా, వెలుతురుకు అడ్డం."