ఆముదం బంక

దవాఖానాకు పోయే ముందు ఆ ఇంజిన్ చప్పుడు ఒక్కసారి వినాలన్నాడు మా బావ. మా అక్క భర్త. నాచారంలో వాళ్ల ముందుగదిలో మంచం, పక్కన ఆక్సిజన్ మిషన్. మల్లాపూర్ షెడ్డులో ఏళ్ల తరబడి గ్రైండింగ్ పని చేసి ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు. తెల్లారితే చేర్చాలి. తిరిగొస్తాడని డాక్టరూ అనలేదు, మేమూ అడగలేదు.

అది బొమ్మ విమానం ఇంజిన్, గుప్పిట్లో ఇమిడేంత. ఉప్పల్‌లో ఇంకా ఖాళీ జాగాలున్న రోజుల్లో ఆదివారాలు ఇద్దరం విమానం ఎగరేసేవాళ్లం. ఎగరేశాక ఆయన పెట్టే నస అంతా ఇంతా కాదు. ఇంధనం గొట్టం పీకి, లోపల మిగిలిందంతా కాలిపోయేదాకా నడపాలి. కిరోసిన్‌తో కడగాలి. రెండు చుక్కల ఆయిల్ వేసి గుడ్డలో చుట్టాలి. లేకపోతే ఇంధనంలో కలిపే ఆముదం లోపల బంకలా గడ్డకట్టేస్తుంది. ఒకసారి నేను కడగకుండా పెట్టెలో పెడితే వారం దాకా నాతో మాట్లాడలేదు, మహానుభావుడు!

మేడ మీద పెట్టె తెరిచి చూస్తే ఇంజిన్ ముందుండే పంకా బిగుసుకుపోయి కదల్లేదు. కిందికొచ్చి చెప్పాను.

"జోర్ జేయకు, లోపల రాడ్ ఇరుగుతది. ప్లగ్గు ఇప్పి కిరోసిన్ పొయ్యి. జర వేడి జెయ్యి," అన్నాడు, మాటమాటకీ ఆగుతూ.

అక్క జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ పట్టుకెళ్లి వేడి చేశాను. చాలాసేపటికి పంకా కొంచెం కదిలింది. లోపలి నుంచి డికాషన్ రంగు బంక కారింది. నాకు ఒళ్లు మండింది. కడగలేదని నాతో వారం మాట్లాడని మనిషి!

"ఏంది బావా, కడగకుండనే పెట్టినవ్? గదే నేనైతే నన్ను బతకనిస్తుంటివా?" అన్నాను కిందికొచ్చి.

ఆయన కళ్లు తెరవలేదు. "ఆఖరుసారి ఎగరేసిన దినం దమ్ము అందలే. ఇంటికొచ్చి పండుకున్న. మల్ల కడుగుదామనుకున్న."

దవాఖానా సంచి సర్దుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది. మేం చివరిసారి ఎగరేసింది ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో. జబ్బు సంగతి మాకు తెలిసింది పోయినేడు. మధ్యలో అన్నేళ్లూ ఈయన నోరు మూసుకుని అదే షెడ్డుకు పోయాడు. నేను మళ్లీ మేడెక్కాను.

పొగ కిందికి పోకుండా మెట్ల తలుపు మూసి, ఇంజిన్‌ను చెక్కకు బిగించి, ఇంధనం పోసి పంకా తిప్పాను. దగ్గింది, ఆగింది, మళ్లీ తిప్పితే అందుకుంది. గొట్టం పీకేశాను. చివర్లో ఒక్కసారి గట్టిగా అరిచి ఆగిపోయింది.

"ఇన్నవా?" అన్నాను కిందికొచ్చి.

తలూపాడు. "ఆయిల్ ఏసినవా?"

అక్కకు అంతదాకా ఆపుకున్నది పొంగుకొచ్చింది. "ఇంజిన్‌కు ఆయిల్ ఏసుడు మంచిగనే యాదికుంటది! దమ్ము వస్తలేదని నాకొక్క మాట చెప్పనీకి ఏమైంది నీకు?"

బావ ముక్కు దగ్గర పైపు సర్దుకున్నాడు.

"చెప్తే పనికి పోనిస్తుంటివా?"

"పోనియ్యకపోతుంటి," అంది అక్క. సగం మడిచిన లుంగీ ఆమె చేతిలోనే ఉంది.