ఒకే ఆంప్యూల్, ఇద్దరు రోగులు

1949 వేసవిలో నన్ను సూర్యాపేట తాలూకా దవాఖానకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పేరుకు సర్జన్‌ని. పనికి మాత్రం కాన్పులు, తేలుకాట్లు, మలేరియా జ్వరాలు, పోలీసులు తెచ్చే శవాల పరీక్ష, అన్నీ నావే. నా పైన జిల్లాకంతటికీ ఒక సివిల్ సర్జన్ నల్లగొండలో ఉండేవారు. నా కింద ఒక నర్సు, ఒక కంపౌండరు. పోలీసు చర్య జరిగి ఇంకా ఏడాది కాలేదు. మిలిటరీ లారీలు వస్తుంటే ఎడ్లబండ్లు రోడ్డు దిగి నిలబడేవి. జనం తేలిగ్గా ఊరు దాటే రోజులు కావు కాబట్టి దవాఖానకు వచ్చారంటే రోగం ముదిరాకే వచ్చేవారు. వచ్చినవాళ్లను ముందు కసిరి, తర్వాత నాడి చూసేదాన్ని. నా వయసు అలాంటిది, నోరూ అలాంటిదే.

ఆ రోజుల్లో మా మగవార్డులో యాకోబు గారని కోదాడ బడిపంతులు ఉన్నారు. అరవై దాటిన మనిషి. పిత్తనాళానికి రాయి అడ్డుపడి కామెర్లు వచ్చాయి. కళ్లు పసుపు ముద్దలు, మలం సున్నం తెలుపు. హైదరాబాదులో ఆపరేషన్ చేయించాలి. అయితే ఇలాంటి రోగిని వెంటనే కోయడానికి ఏ సర్జనూ ఒప్పుకోడు. రక్తం గడ్డకట్టదు. కోసిన చోట మొదలైన కారుడు ఆగదు. పంతులుగారికి వేపపుల్లతో పళ్లు తోముకుంటేనే చిగుళ్ల నుంచి గంటసేపు నెత్తురు వచ్చేది.

ఆయన కోసం సివిల్ సర్జన్ గారు చిన్న పెట్టెలో విటమిన్ కె ఆంప్యూళ్లు రోజులకు సరిగ్గా లెక్కపెట్టి పంపారు. ఆంప్యూల్ అంటే మెడ విరిచి వాడే గాజుబుడ్డి. రోజుకొకటి కండలోకి ఎక్కించాలి, రక్తం సరిగ్గా గడ్డకడుతోందని తేలాక హైదరాబాదు పంపాలి అని ఆయన ఉత్తర్వు. అది అప్పటికి కొత్త మందు. కాలేజీలో దాని గురించి ఒక పేజీ చదివాను, అంతే. ఎక్కడో ఐరోపాలో కొవ్వు తీసేసిన మేత తిన్న కోడిపిల్లలు ఉత్తపుణ్యానికి నెత్తురు కారి చచ్చిపోతుంటే, ఎందుకని వెతికిన వాళ్లకు దొరికిన పదార్థం ఇది. ఆకుకూరల్లో ఉంటుంది. అది అందితేనే మన కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే సరుకు తయారుచేస్తుంది.

పంతులుగారు ఊరుకునే మనిషి కాదు. "తోటకూర, పాలకూర రోజూ తింటూనే ఉన్నానండీ. ఆకుల్లోనే ఉందంటున్నారు, మరి నాకెందుకు తక్కువైందండీ?" అని అడిగారు. ఈ విటమిన్ కొవ్వుతో కలిసి పేగులోంచి రక్తంలోకి పోతుందనీ, అందుకు పిత్తరసం కావాలనీ, ఆయన పేగులోకి అది దిగడం లేదనీ చెప్పాను. "అయితే తిన్నదంతా గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతోందన్నమాట," అన్నారాయన. మా ప్రొఫెసర్లు కూడా అంత బాగా చెప్పలేదు.

రోజూ పొద్దున ఆయన రక్తం కొంచెం చిన్న గాజుగొట్టంలోకి తీసి, మధ్యమధ్య వంచి చూసేదాన్ని. ఆరోగ్యవంతుల రక్తం పది నిమిషాలు తిరక్కుండా పేరుకుంటుంది. ఆయనది నీళ్లలా అటూ ఇటూ జారుతూనే ఉండేది.

అలా వంచి చూస్తున్న ఒక పొద్దుననే మిర్యాలగూడ రోడ్డు మీదుగా ఒక బండి వచ్చి దవాఖాన ముందు ఆగింది. గొర్రెలు కాచే కుటుంబం. బాలింత బండిలోనే పడుకుని ఉంది. ఆమె అత్త లింగమ్మ చేతుల్లో మూడు రోజుల పసిగుడ్డు, ఆడపిల్ల. చుట్టిన పాతచీర బొడ్డు దగ్గర ఎర్రగా తడిసిపోయింది. వాళ్ల వెనక కాస్త ఎడంగా సాయమ్మ అనే మంత్రసాని నిలబడింది. ఆమెను ఎవరూ దగ్గరికి రానివ్వడం లేదని చూడగానే తెలిసింది.

"డాక్టరమ్మా, ఈమె బొడ్డు సక్కగ కట్టలే. నిన్న మాపటి సంది నెత్తురు కారుతనే ఉంది. జర నువ్వన్న గట్టిగ కట్టు," అంది లింగమ్మ.

సాయమ్మ దూరం నుంచే, "నా శేతిల గిట్ల ఎన్నడు కాలేదమ్మా," అంది. లింగమ్మ ఆమె వైపు తిరిగి కూడా చూడలేదు.

గుడ్డ విప్పాను. ఒక దారం మీద ఇంకో దారం, దాని మీద మరోటి, ఆ పైన పసుపూ బూడిదా మెత్తి ఉన్నాయి. అన్నీ కడిగి చూస్తే మొదటి ముడి గట్టిగానే ఉంది, ఉండవలసిన చోటే ఉంది. అయినా దాని చుట్టూ నెత్తురు ఊరుతోంది. గుడ్డలో పిల్ల విడిచిన మలం తారులా నల్లగా ఉంది. అంటే కడుపులో కూడా కారుతోందన్నమాట. పెదవులు పాలిపోయాయి. ఏడవడానికి నోరు తెరుస్తోంది, గొంతు రావడం లేదు. సాయంత్రానికి ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

మడమ మీద సూదితో గుచ్చి, రక్తం గొట్టంలోకి పట్టి, పది నిమిషాలు దాటేదాకా ఆగాను. ఆ గొట్టాన్ని పంతులుగారి గొట్టం పక్కనే పట్టుకుని రెండూ వంచాను. రెండూ ఒకేలా జారాయి. ఒకటి అరవై ఏళ్ల మనిషిది, ఇంకొకటి మూడు రోజుల బిడ్డది. ఒకరిని ఒకరు ఎరగరు. ఇద్దరిలోనూ లేనిది మాత్రం ఒకటే.

పుట్టిన బిడ్డల దగ్గర ఈ విటమిన్ దాదాపు ఉండదు. తల్లి కడుపులో ఉండగా చాలా కొద్దిగా అందుతుంది. దాన్ని తయారుచేసే సూక్ష్మజీవులు పసిపేగులో ఇంకా చేరవు. పాలు కూడా పడకపోతే రెండో మూడో రోజుకు ఉన్న కాస్తా అయిపోతుంది. ఇలాంటి బిడ్డలకు అంతకుముందు తండ్రి నెత్తురు తీసి తొడలోకి ఎక్కించేవారు. కొందరు బతికేవారు.

ఇప్పుడు మందు ఉంది, కానీ అది పంతులుగారి పేరు మీద వచ్చింది. ఒక రోజు మోతాదు తప్పితే ఆయన ప్రయాణం వెనక్కి పోతుంది, ఆయన కాలేయానికి అంత వ్యవధి లేదు. బిడ్డకు కావలసింది ఆంప్యూల్‌లో చిన్న వంతే. విరిచిన ఆంప్యూల్ దాచడానికి వీల్లేదు. అందుకని రెండు సిరంజిలు మరిగించమని నర్సుకు చెప్పి, పంతులుగారి దగ్గరికి పోయి సంగతి చెప్పాను. మీ మోతాదు కాస్త తగ్గుతుంది, మీకు సమ్మతమేనా అని అడిగాను.

"అడగటమేంటండీ! ముందు పిల్లకిచ్చి రండి, మిగిలింది నాకు పొడవండి. ఇద్దరం కలిసి ఒకే కంచంలో తిన్నట్టు," అన్నారు. చొక్కా చెయ్యి అప్పటికే పైకి మడిచేశారు.

ఆంప్యూల్ మెడ విరిచాను. ఒక చిన్న వంతు బిడ్డ తొడలోకి, మిగతాది పంతులుగారి భుజంలోకి. తర్వాత చేసేదేమీ లేదు. ఈ మందు కాలేయంలో పని మొదలుపెట్టాలంటే కొన్ని గంటలు పడుతుంది. బొడ్డు మీద గుడ్డ అదిమిపట్టి కూర్చోమని సాయమ్మనే పిలిచాను. లింగమ్మ ఏదో అనబోయింది. ముడిలో తప్పు లేదనీ, వేలెడంత దారంతో ఆగే నెత్తురు కాదనీ గట్టిగానే చెప్పాను. సాయమ్మ కళ్లు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

మధ్యాహ్నం గుడ్డ తీస్తే ఇంకా ఊరుతోంది. పొద్దు వాలే వేళకు తీస్తే గుడ్డ పొడిగా ఉంది. నమ్మలేక మడమ చూశాను. సూది గుచ్చిన చోట ఆవగింజంత నల్లటి పెచ్చు కట్టింది. ఆ పెచ్చును చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. ఆకులో ఉండే పదార్థం, కంటికి కూడా ఆనని మోతాదులో, ఒక ప్రాణాన్ని గడప దగ్గర ఆపింది. ఇన్నేళ్ల వైద్యంలో నన్ను అంతగా దిగ్భ్రమలో ముంచినది మరొకటి లేదు.

అప్పుడు లింగమ్మను అడిగాను, బిడ్డకు పాలు పట్టారా అని.

"మూడొద్దులు పట్టం గదమ్మా. బెల్లంనీళ్లు, ఆముదం నాకిచ్చినం. ముర్రుపాలు పిండి పారబోసినం, పసిదానికి అరగయి."

"మరి ఈనిన గొర్రె ముర్రుపాలు కూడా పారబోస్తారా?"

"అయ్యో, అవి తాపకుంటె పిల్ల సస్తది గద!" అంది తడుముకోకుండా. అని ఆగిపోయింది. బాలింత వైపు చూసింది, బిడ్డ వైపు చూసింది. తర్వాత బిడ్డను తీసుకుపోయి తల్లి రొమ్ముకు అందించింది. ముర్రుపాలలోనూ విటమిన్ కె కొద్దిగానే ఉంటుంది, అది సూదికి బదులు కాదు. కానీ ఆ మాట చెప్పడానికి అది సమయం కాదనిపించింది.

పంతులుగారు తర్వాతి వారం హైదరాబాదు వెళ్లారు. ఆపరేషన్ గాయం మామూలుగానే మానింది. మళ్లీ కోదాడలో బడికి పోయారు.

తర్వాతి కాలంలో, మందు ధారాళంగా దొరికాక, నా చేతిలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొదటి గంటల్లోనే ఆ సూది వేశాను. మంచిగున్న పిల్లకు సూదెందుకని తల్లులు తగువు పడేవారు. వాళ్లకు చూపించడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. నెత్తురు కారిన బిడ్డ బతికితే ఊరంతా చెప్పుకుంటుంది. కారకుండానే పెరిగిన బిడ్డల్లో ఆ సూది బతికించినది ఎవరినో ఏ తల్లికీ తెలియదు, నాకూ తెలియదు. అందుకే అందరికీ వేయాలి.