తిమ్మయ్య బస్సులో ఇరుక్కున్న క్యాసెట్టు

ఎవరికి ఏ కష్టమొచ్చినా అది గ్రీసు దేశంలోని ఒక బ్యాండుకి ముందే వచ్చిపోయిందని నమ్మే మనిషి కువైట్ మొత్తంలో తిమ్మయ్య ఒక్కడే. ఆ బ్యాండు పేరు పలకడం ఆయనకూ రాదు. అందుకని 'మావోళ్లు' అనేవాడు.

ఒకప్పుడు ఆయన బస్సులో పనికి పోయిన సుధాకర్ ఇప్పుడు అల్ రాయ్‌లో వేరే కంపెనీ. అక్కడి బస్సులో చల్లగా ఏసీ, ఎవరి ఫోను వాళ్లది, ఎవరి గోల వాళ్లది. అయినా ఎక్కడైనా గిటారు వినబడితే అతని మనసు మంగఫ్‌లోని తిమ్మయ్య డొక్కు బస్సు ఎక్కేస్తుంది.

తిమ్మయ్యది రాయచోటి. పొద్దున్నే మంగఫ్ క్యాంపు నుంచి కూలీలను సైటుకు చేర్చడం ఆయన పని. బస్సులో పాత క్యాసెట్ ప్లేయరు, అందులో ఎప్పుడో ఒక గ్రీకు ఫోర్‌మన్ ఇచ్చిపోయిన క్యాసెట్టు. ఆ క్యాసెట్టులో, మంగఫ్‌లో గిటారు అందుకున్న మనిషి రిఫైనరీ పొగగొట్టాలు కనబడేదాకా వదిలేవాడు కాదు. వాడు అలిసిపోతే ఆర్గన్ వాయించే ఆయన అందుకునేవాడు. అసలు పాడేవాడు నోరు తెరిచేసరికి అందరూ దిగే చోటు వచ్చేది.

సుధాకర్‌ది రాజంపేట. అప్పటికి కొత్తగా వచ్చినవాడు, ఇంటిమీద బెంగ. పొద్దున పనికి పోతూ ఒక్క తెలుగు పాట వింటే చాలని వాడి ఆశ. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా లాభం లేకపోయింది. డ్రమ్ములు సీటు కిందనుంచి వచ్చేవి.

"అన్నా, మీ గ్రీకోళ్లను తీసి మన పాట ఒకటి ఎయ్యన్నా."

"ఇరుక్కపోయిండాది నాయనా. బలవంతం జేస్తే డ్యాష్‌బోర్డే ఊడొస్తాది."

అడిగినందుకు శిక్షగా బ్యాండు చరిత్ర వినాల్సి వచ్చేది. ఆ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ ఆలస్యమైందని సుధాకర్ దిగులు పడితే, "దీనికేనా? మావోళ్ల మొదటి రికార్డు అచ్చయి కూడా రెండేండ్లు పెట్టెలోనే పడుండె. వాళ్లేమన్నా అన్నం మానేసినారా?" అన్నాడు. ఫోర్‌మన్ చెప్పింది చిటికెడు, తిమ్మయ్య కలిపింది చాటెడు అని అందరికీ తెలుసు.

రాజోలు పాల్‌రాజు చేపల కూర దగ్గర రూంలో వాళ్లతో పోట్లాడి మాటలు మానేశాడు. తిమ్మయ్య బస్సు నడుపుతూనే పంచాయితీ పెట్టాడు.

"మావోళ్లూ ఇట్లే ఇడిపోయినారబ్బా."

"చేపల కూర గురించేనాండీ?" అన్నాడు పాల్‌రాజు.

"కాదు, పాట గురించి. గిటారాయనకు బ్లూస్ బాణీ కావాల. ఆర్గనాయనకు ఇంతింత పొడుగు పాటలు కావాల. ఏడాది మొగాలు జూసుకోల్యా. ఆఖరికి రెండూ కలిపి వాయిస్తే ఊరంతా జై కొట్టింది. మీరూ రెండు కూరలు వండుకోండి, పోతాది."

నిజంగానే రెండు కూరలు వండుకున్నారు, గొడవ పోయింది. ముందు సీటులో కూర్చునే ఆంజి మాత్రం ఆ క్యాసెట్టును ఒక్కనాడూ తిట్టలేదు. కొంచెం కుంటుతూ ఎక్కి, కళ్లు మూసుకుని వినేవాడు. వాడికి చెవుడేమో అనుకున్నాడు సుధాకర్.

ఒక పొద్దున కంపెనీ ముసలి ఇంజనీరు కారు మంగఫ్‌లోనే మొరాయించింది. ఆయన బస్సెక్కి ఆంజి పక్కన కూర్చున్నాడు. గిటారు మొదలైంది. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"సార్, మీది ఏ దేశం?" ఇంగ్లీషులో అడిగాడు తిమ్మయ్య.

"గ్రీస్."

సుధాకర్‌కు పండగైంది. ఇన్నాళ్లకు సాక్షి దొరికాడు, తిమ్మయ్య కోతలన్నీ ఇవాళ తేలిపోతాయి. అడుగుదామని ముందుకు వంగాడు. అప్పటికే ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఈ పాటంటే తన భార్యకు ప్రాణమనీ, ఆమె పోయాక మళ్లీ వినలేదనీ మెల్లగా చెప్పాడు.

తిమ్మయ్య చెయ్యి చాచి ఒక మీట నొక్కాడు. క్యాసెట్టు టక్కున బుద్ధిగా బయటికొచ్చింది.

బస్సంతా నోరు తెరిచింది. తిమ్మయ్య ఎవరి వైపూ చూడకుండా సీటు కింద గుడ్డలో చుట్టిన ఇంకో క్యాసెట్టు తీసి వేశాడు. శనక్కాయలు పెరుకుతూ ఆడవాళ్లు పాడే పాట. ముసలాయన కుదుటపడి, వేళ్లతో తాళం కూడా వేశాడు.

సుధాకర్ కోరింది అదే. కానీ రెండో చరణానికే ఊళ్లో వాకిట్లో కాయలు వలుస్తున్న భార్య శివపార్వతి, ఆమె ఒళ్లో వాళ్ల పాప కళ్లముందు కనబడ్డారు. చుట్టూ చూస్తే అందరూ కిటికీల్లోంచి బయటికే చూస్తున్నారు.

ఆంజి వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు. "ఒగప్పుడు దినామూ ఇదే యేస్తాండె. ఇంటికాడి ద్యాసతో పనికి పోయి నిచ్చెన మీద కాలు తప్పినా నేను. మర్సటి దినమే ఆ గ్రీకు క్యాసెట్టు పెట్టినాడు. అదింటే మనలో ఎవురికీ ఇల్లు గుర్తు రాదంట."

"ఊరికే ఉండ్రా ఆంజీ," అన్నాడు తిమ్మయ్య, దొంగతనం బయటపడ్డవాడిలా.

సుధాకర్‌కు ఆ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేడు. ముక్కు తుడుచుకుని లేచి నిలబడ్డాడు.

"అన్నా, ఇది తీసి మావోళ్లను ఎయ్యన్నా."

"ఆ సారు మళ్లా ఏడుస్తాడు గదరా."

"ఏడవనీలేన్నా. ఆయనేం నిచ్చెన ఎక్కేది ల్యా."